గీత కదలని ఆదివారం

ఆ గురువారం ఉదయం పదకొండు గంటలకు, నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీ మొదటి అంతస్తు గదిలో ఉన్నవి: పొడవాటి బల్ల ఒకటి, కుర్చీలు ఏడు, ఏసీ ఒకటి, ఏసీ నుంచి కారే నీళ్లు పట్టడానికి పెట్టిన బకెట్టు ఒకటి. బల్ల మీద చేత్తో రాసిన రిజిస్టరు, నా ల్యాప్‌టాప్, మా ఆఫీసు తరఫున ప్రింటు తీసిన ఒక పేజీ రిపోర్టు, ఎవరూ ముట్టుకోని బిస్కట్ల ప్లేటు. మనుషులు ఐదుగురు: ఫ్యాక్టరీ క్వాలిటీ మేనేజర్, మా ఆఫీసు ఓనర్, మా టీమ్ లీడ్, ఆ ఫ్యాక్టరీ కోల్డ్‌రూం ఆపరేటర్, నేను. నలుగురం కూర్చున్నాం. మూడు కుర్చీలు ఖాళీగా ఉన్నా ఆపరేటర్ నిలబడే ఉన్నాడు. ఎవరూ కూర్చోమనలేదు.

ఇవి కాక నా చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. అందులో ఏముందో నాకూ టీమ్ లీడ్‌కూ తప్ప ఆ గదిలో ఎవరికీ తెలియదు.

నేనిప్పుడు పోచారం వైపు ఇంకో కంపెనీలో పనిచేస్తున్నాను. మీలా కొత్తగా చేరినవాళ్లకు జావా అనే ప్రోగ్రాముల భాష చెప్పే పని కూడా నా మీదే పడింది. ఎక్సెప్షన్ల పాఠం, అంటే ప్రోగ్రాం నడిచేటప్పుడు వచ్చే తప్పుల పాఠం, రాగానే సగం మంది ఫోన్లు తీస్తారు. పరీక్షకు రెండు నిర్వచనాలు బట్టీపట్టి పాసైన పాఠమే కదా అని మీ ధీమా. నేనూ అలాగే పాసయ్యాను. అందుకే ఆ గదిలోకి నేను ఎలా చేరానో మీకు చెప్పాలి.

అప్పట్లో మా ఆఫీసు ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే దారిలో, ఒక లేత్ వర్క్‌షాపు పైన ఉండేది. కింద మిషన్ తిరిగితే పైన టేబుళ్ల మీద చాయ్ గ్లాసులు వణికేవి. మొత్తం ఏడుగురం. చుట్టుపక్కల ఫ్యాక్టరీలకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిచ్చేవాళ్లం. అందులో ఒకటి ఈ మందుల ఫ్యాక్టరీ కోల్డ్‌రూంది. ఆ గది రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. లోపల ఉష్ణోగ్రత కొలిచే చిన్న పెట్టె ఒకటి నిమిషానికొక అంకెను నెట్‌వర్కులో ఒక ఫైల్లో రాస్తుంది. కోల్డ్‌రూం బయటి కంప్యూటర్లో నడిచే మా ప్రోగ్రాం నిమిషానికోసారి ఆ ఫైలు చదివి, అంకెను దాచి, తెర మీద గీత గీస్తుంది. ఎనిమిది దాటితే అలారం మోగిస్తుంది. అంతే పని.

ఇక్కడ కొంచెం జావా చెప్పక తప్పదు. జావా మనిషిని నమ్మని భాష. ఫైలు చదవమని మీరు రాస్తే, రాసినదాన్ని సరిచూసి మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ అక్కడే ఆపి అడుగుతుంది: ఫైలు దొరకకపోతే? లైను తెగిపోతే? జవాబు రాసేదాకా ముందుకు పోనివ్వదు, ఎర్ర గీత పెడుతుంది. వీటిని చెక్డ్ ఎక్సెప్షన్లు అంటారు. ఇంకో రకం ఉంది, అన్‌చెక్డ్. లేని వస్తువును వాడబోవడం, అక్షరాలను అంకె అనుకోవడం లాంటివి. వాటి గురించి కంపైలర్ అడగదు. అవి నడుస్తున్న ప్రోగ్రాంలో వస్తాయి, మధ్యలో ఎవరూ పట్టుకోకపోతే ఆ పనిని అక్కడే పడగొడతాయి.

ఎర్ర గీతకు సరైన జవాబులు రెండు. ఒకటి, తప్పును అక్కడే పట్టుకుని ఏదైనా చేయడం. రెండు, 'నా వల్ల కాదు, ఇలా జరగవచ్చు' అని ఆ తప్పు పేరు రాసి, ఈ పని చేయమని పిలిచిన ప్రోగ్రాం భాగానికి పైకి చెప్పడం. మా ఆఫీసులో మూడో జవాబు ఒకటి వాడుకలో ఉండేది. పట్టుకుని, ఏమీ చేయకుండా వదిలేయడం. రెండు బ్రాకెట్లు, మధ్యలో ఖాళీ. దాన్ని మేం 'మూత' అనేవాళ్లం.

మూత ఎలా పుట్టిందో చెప్తాను. మా ఓనర్‌కు జావా రాదు. ఆయన లేత్ వర్క్‌షాపుల నుంచి పైకి వచ్చిన మనిషి. మిషన్ మీద ఎర్ర లైటు వెలిగితే పని ఆపాలని మాత్రం బాగా తెలుసు. ప్రతి శుక్రవారం నాలుగింటికి ఉప్పల్ నుంచి ఉల్లిగడ్డ సమోసాలు తెప్పించి, పొట్లం చేత్తో పట్టుకుని టేబుల్ టేబుల్‌కూ తిరిగేవాడు. తెర మీద ఎర్ర గీత లేకపోతే రెండు సమోసాలు. ఉంటే, పొట్లం పక్క టేబుల్‌కు పోయేది. "ఎరుపు పోయినంక పిలువు" అని నవ్వుతూ అనేవాడు. మందలించేవాడు కాదు. కానీ ఆ నవ్వుతో పాటే సమోసా వాసన వెళ్లిపోతుంటే మనసు ఆగేది కాదు. మూడూ యాభైకి ఆఫీసంతా ఒకటే మాట: "మూత పెట్టు, తర్వాత చూద్దాం."

ఇప్పుడు ఆ వారానికి వస్తాను.

సోమవారం ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నాలుగు ట్రేల మందు పరీక్షలో ఫెయిలైంది. వేడి తగిలిన గుర్తులున్నాయన్నారు. ఆ నాలుగు ట్రేలు ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు కోల్డ్‌రూంకు వచ్చినవి. డ్యూటీలో ఉన్నది ఆపరేటర్ ఒక్కడే. ఆయన రిజిస్టర్లో ఒంటిగంట నుంచి నాలుగు దాకా గది వేడెక్కినట్టు రాశాడు. మా కంప్యూటర్ చార్టులో మాత్రం గది హాయిగా 4.6 డిగ్రీల దగ్గర ఉంది. రెంట్లో ఒకటి అబద్ధం.

ఏది అబద్ధమో తేల్చుకోవడానికి ఫ్యాక్టరీకి ఎక్కువసేపు పట్టలేదు. వాళ్ల లెక్క ఇది: ఆపరేటర్ ట్రేలను బయట బండి మీదే వదిలేసి, ఆదివారం కాబట్టి చర్చికి పోయాడు. నాలుగింటికి వచ్చి లోపల పెట్టాడు. తప్పు గది మీదికి నెట్టడానికి రిజిస్టర్లో దొంగ అంకెలు రాశాడు. ఆయన తొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు, ఆ నెలలోనే పర్మనెంట్ లెటర్ రావాలి. దాని బదులు మెమో వచ్చింది. గురువారం విచారణ. తప్పని తేలితే సోమవారం నుంచి గేటు లోపలికి రానివ్వరు.

మంగళవారం మా ఓనర్ నన్ను పిలిచి, "నువ్వు పోయి చార్టు ప్రింటు తీసి, కరెక్టని సంతకం పెట్టి రా. గంతే పని" అన్నాడు.

నేను జాబితాలు రాసే మనిషిని. ఏ పనికైనా నోటుపుస్తకంలో నంబర్లు వేసుకుంటాను, అయిపోతే టిక్కు పెడతాను. ఆ రోజు బస్సు దిగకముందే 'ఆపరేటర్ మీద అనుమానాలు' అని ఒక పేజీ మొదలుపెట్టాను. ఫ్యాక్టరీలో రిజిస్టర్ చూశాక అది ఇలా తయారైంది:

1. ఆదివారం.
2. నాలుగు రీడింగులూ ఒకే పెన్నుతో, ఒకే ఒత్తిడితో ఉన్నాయి. ఒకేసారి కూర్చుని రాసినట్టు.
3. అంకెలు 6.5, 9, 10.5, 11. అన్నీ పూర్తి అంకెలూ అరలే. ఊహించి రాసినట్టు.
4. నన్ను చూసి నమస్తే పెట్టలేదు.

నాలుగోది కూడా సాక్ష్యమేనని నిజంగానే అనుకున్నాను.

కోల్డ్‌రూం తలుపు ముందు ఆపరేటర్ స్వెటర్ వేసుకుని స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. యాభైకి దగ్గర వయసు. జనగామ వైపు మనిషి. పక్క గోడకు గుండ్రటి ముల్లు మీటరు ఒకటి వేలాడుతోంది.

"అన్నా, ఆదివారం పన్నెండు నుంచి నాలుగు దాకా ఎక్కడున్నవ్?" అన్నాను.

"ఈడనే."

"చర్చికి పోలేదా?"

"పోయిన. పొద్దుగాల ఆరింటికి. డ్యూటీ ఉన్నోళ్ల కోసమని మా పాస్టరు ఫస్ట్ సర్వీసు పెడ్తడు. ఏడున్నరకు బస్సెక్కి ఎనిమిదింటికి ఈడ దిగిన. నీ అసొంటోళ్లు అడుగుతరనే పెట్టిండేమో ఆయన."

"మరి గది వేడెక్కితే ఎవరికీ చెప్పలేదేంది?"

"ఎవలికి చెప్పాలె సార్? ఫోన్లు గేటుకాడనే గుంజుకుంటరు. గీ ఇంటర్‌కామ్ ఉన్నది, మెయింటెనెన్సోళ్లకు మూడుసార్లు గొట్టిన. ఆదివారం ఆడ ఎవడుంటడు? ఇగ మీ కంప్యూటరన్న మొత్తుకుంటది గదా అని దాని మొకం సూసిన. గేటుకాడికి ఉరికితే నన్నెవడు నమ్ముతడు, అది నాలుగున్నర డిగ్రీలని సల్లగ గూసున్నది."

"నాలుగు పాయింట్ ఆరు" అన్నాను నేను.

ఆయన నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. "అవ్ సార్. పాయింట్ ఆరు."

"ఇంకేమన్నా చూసినవా?"

"లైట్లు గుడ్డిగయినయి. కంప్రెసర్ సప్పుడు బందయింది. మల్ల నాలుగు దాటినంక దానంతట అదే మొదలైంది. గదంత రిజిస్టర్ల ఆఖరి గడిల రాసిన. చదువొచ్చినోళ్లు గదా, చదువుండ్రి."

నోటుపుస్తకంలో రాసుకున్నాను: 5. వెటకారం.

తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆదివారం చార్టు ప్రింటు తీశాను. సంతకం పెట్టడానికి పెన్ను మూత తీశాక చూశాను, గీత మరీ తిన్నగా ఉంది.

కోల్డ్‌రూం గీత ఎప్పుడూ తిన్నగా ఉండదు. కంప్రెసర్ ఆగినప్పుడు కాస్త పైకి, మొదలైనప్పుడు కాస్త కిందికి, తలుపు తెరిస్తే ఎగిరి, మూస్తే దిగి, రోజంతా చిన్న చిన్న అలల్లా ఊగుతుంది. ఆదివారం పన్నెండూ యాభై మూడు నుంచి నాలుగూ ఏడు వరకు అది స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. లెక్కపెట్టాను. నూట తొంభై ఐదు నిమిషాలు, నూట తొంభై ఐదు సార్లు 4.6. ఫ్యాక్టరీవాళ్లు చెప్పినట్టే ఆపరేటర్ నాలుగింటికి ట్రేలు లోపల పెట్టి ఉంటే, ఆ తలుపు తెరిచిన గుర్తయినా ఉండాలి. అదీ లేదు.

సంతకం పెట్టలేదు. ప్రింటు బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను. దారిలో నాకు తట్టిన మాట ఒకటే: ఎవరో అంకెలు మార్చారు.

కొత్త పేజీ మొదలుపెట్టాను. క్వాలిటీ మేనేజర్: గది చెడిందంటే ఆయనకే చెడ్డపేరు. మా ఓనర్: సంతకానికి ఎందుకంత తొందర? టీమ్ లీడ్: అంకెలుండే డేటాబేస్‌ను మిగతావాళ్లం చూడగలం, మార్చే పాస్‌వర్డ్ మాత్రం ఆమె దగ్గరే ఉంది. ఆపరేటర్ పేరు ఈ పేజీలో రాయలేదు. ఆయన మీద నమ్మకం కుదిరి కాదు. ఆయనకు పాస్‌వర్డ్ తెలియదు కాబట్టి.

బుధవారం పొద్దున ఆఫీసులో నేను అందరినీ ఓరకంటితో చూస్తూ కూర్చున్నాను. ఓనర్ రెండుసార్లు వచ్చి "సంతకం అయిందా?" అన్నాడు. రెండుసార్లూ టైము రాసుకున్నాను. టీమ్ లీడ్ నాకంటే ఆరేళ్లు పెద్ద, రామంతాపూర్ నుంచి స్కూటీ మీద వచ్చేది, అందరం అక్కా అనేవాళ్లం.

"ఏంది, పొద్దటిసంది నన్ను పోలీసోని లెక్క చూస్తున్నవ్?" అంది.

"ఏం లేదక్కా."

"ఏం లేకుంటే ఇటు తిరిగి పని జేస్కో."

డేటాబేస్‌లో ఎవరైనా అంకెలు మార్చిన ఆనవాళ్ల కోసం వెతికాను. లేవు. ప్రతి 4.6నూ మా ప్రోగ్రామే స్వయంగా, సరైన నిమిషానికి రాసింది. అప్పుడు ఫైలు చదివే భాగం తెరిచాను. చదవమని చెప్పే లైను ఉంది. దొరకకపోతే పట్టుకునే లైను ఉంది. దాని కింద రెండు బ్రాకెట్లు. మధ్యలో ప్రోగ్రాంకు అక్కరలేని, మనుషుల కోసం రాసుకునే చిన్న మాట: '3. తర్వాత'.

చదవడం విఫలమైతే ప్రోగ్రాం నోరు మూసుకుని ముందుకు పోయింది. చేతిలో ఉన్నది కిందటి నిమిషం అంకె. దానికే కొత్త టైము తగిలించి దాచింది. మళ్లీ మరుసటి నిమిషం అదే. అలా నూట తొంభై ఐదు సార్లు.

ఆ లైను ఎవరు రాశారో పాత మార్పుల చరిత్రలో చూశాను. ఒక శుక్రవారం, మధ్యాహ్నం మూడూ యాభై రెండు. నా పేరు.

నమ్మలేదు. నా లాగిన్ పాస్‌వర్డ్ చీటీ మానిటర్ కింద అంటించి ఉంటుందని ఆఫీసంతటికీ తెలుసు. ఎవరైనా నా సీట్లో కూర్చుని రాసి ఉండవచ్చు. అక్క రాసి ఉండవచ్చు. ఐదు నిమిషాలు ఆ ఆలోచనను గట్టిగా పట్టుకున్నాను. తర్వాత సొరుగులోంచి పాత నోటుపుస్తకం తీసి ఆ శుక్రవారం పేజీ వెతికాను. ఐదు పనులున్నాయి. ఒకటి, రెండు, నాలుగు, ఐదుకు టిక్కులున్నాయి. మూడోది: 'ఫైలు దొరకకపోతే ఏం చేయాలి? తర్వాత.' టిక్కు లేదు.

దొంగ రిజిస్టర్ రాసే మనిషి ఎలా ఉంటాడని నేను ఆపరేటర్ ముఖంలో వెతికాను. ఆ నూట తొంభై ఐదు దొంగ అంకెలూ రాసింది నేను. అదీ రెండేళ్ల ముందే, సమోసా కోసం.

కుర్చీ అక్క టేబుల్ దగ్గరికి లాక్కుని తెర చూపించాను. ఆమె ఆ లైను చదివి నా వైపు తిరిగింది.

"ఎవరు రాసిన్రు?"

"నేనే."

"రివ్యూ ఎవరు చేసిన్రు?"

తెర మీద నా పేరు పక్కనే ఆమె పేరు ఉంది.

"చెప్పు, భయపడకు. నేనే గదా. గా రోజు నీ తెర మీద ఎరుపు ఉందా లేదా అనే చూసిన. లోపల ఏమున్నదో చూడలె." కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "సరే. ఆ రోజు ఫైలు దొరకలేదని ఎట్ల రుజువు చేస్తవ్? గీత తిన్నగ ఉందంటే వాళ్లు నమ్మరు."

జవాబు కూడా ఆమె దగ్గర ఉంది. ఉష్ణోగ్రత కొలిచే పెట్టె బ్యాటరీ మీద నడుస్తుంది, దాని లోపల సొంత మెమరీ కూడా ఉంటుంది. పదిహేను రోజుల అంకెలు అందులో ఉంటాయి. కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకం చదివింది ఆమె ఒక్కతే.

మధ్యాహ్నం మూడింటికి పెట్టె చెక్ చేయాలని చెప్పి ఇద్దరం ఫ్యాక్టరీకి వెళ్లాం. ఆపరేటర్ తలుపు తీసి పక్కకు జరిగాడు. పెట్టెకు వైరు తగిలించి అంకెలు దింపుకున్నాను. ఆదివారం ఒంటిగంటకు 6.7. రెండింటికి 8.9. మూడింటికి 10.4. నాలుగింటికి 11.1.

గోడ మీది ముల్లు మీటరు దగ్గరికి వెళ్లి చూశాను. దాని మీద గుర్తులు అర డిగ్రీకి ఒకటి మాత్రమే ఉన్నాయి. ఆ మనిషి తనకు కనిపించిందే రాశాడు. రిజిస్టర్‌కు దారంతో ఒక పెన్ను కట్టి ఉంది. అక్కడున్న పెన్ను అదొక్కటే.

గది మూలలో నెట్‌వర్కు పెట్టె మామూలు ప్లగ్గులో ఉంది. ఆపరేటర్ చెప్పిన గుడ్డి లైట్ల సంగతి అప్పుడు అర్థమైంది. కరెంటు పోలేదు, వోల్టేజీ పడిపోయింది. కరెంటు పోలేదు కాబట్టి జనరేటర్ మొదలవ్వలేదు. తక్కువ వోల్టేజీకి కంప్రెసర్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయింది. నెట్‌వర్కు పెట్టె కూడా ఆరిపోయింది. మా కంప్యూటర్‌కు మాత్రం బ్యాటరీ ఉంది. అది హాయిగా నడుస్తూ అబద్ధం రాసింది.

ఆ అంకెలు ఒక కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాను. సాయంత్రం ఐదింటికి ఓనర్‌కు మూత సంగతి వరకు చెప్పాను. కాగితం సంగతి చెప్పలేదు. అప్పటికీ ఆయన మీద అనుమానం పోలేదు.

ఆయన అంతా విని, ఒక పేజీ రిపోర్టు నా ముందుకు జరిపాడు. 'ఆదివారం సాఫ్ట్‌వేర్ ఎక్కడా ఆగకుండా పనిచేసింది' అని ఉంది.

"నేను అబద్ధం చెప్పమంటలేను. ఆగిందా? ఆగలె. గదే రాసిన. అడిగినదానికి జవాబు చెప్పు, అడగనిది మనకెందుకు? గీ క్లయింటు పోతే మనం ఏడుగురం ఏం జేద్దాం, జర సోంచాయించు."

ఇది చదువుతున్న మీరు గమనించాలి. అందులో ప్రతి మాటా నిజమే. నా ప్రోగ్రాం చేసిన పని కూడా సరిగ్గా ఇదే. కనపడిన జవాబు ఇచ్చింది, కనపడనిది లోపల పెట్టుకుంది.

ఇక గురువారం. అదే గది, అదే ఏడు కుర్చీలు. క్వాలిటీ మేనేజర్ గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"చూడండి, మాకు పెద్ద వివరాలు అక్కర్లేదు. ఆదివారం మీ సాఫ్ట్‌వేర్ ఆగిందా, లేదా? అది చెప్పండి చాలు."

"ఆగలేదు సార్" అన్నాను.

మా ఓనర్ ఊపిరి వదలడం వినిపించింది. ఆపరేటర్ కిటికీ వైపు చూశాడు.

"ఆగి ఉంటే బాగుండేది సార్" అన్నాను.

"అంటే?"

"దానికి ఆ మూడు గంటలు ఫైలు దొరకలేదు. దొరకలేదని ఎవరికీ చెప్పకుండా పాత అంకెనే మళ్లీ మళ్లీ రాసుకుంట పోయింది. ఈ 4.6లు ఏవీ కోల్డ్‌రూం నుంచి వచ్చినవి కావు."

"అలా ఎలా రాస్తుందండీ? ఎందుకు రాస్తుంది?"

"నేను అట్ల రాసిన కాబట్టి."

జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పాను. నాలుగు అంకెలూ ఒక్కొక్కటే చదివాను. మేనేజర్ రిజిస్టర్ దగ్గరకు లాక్కుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టుకుంటూ విన్నాడు. 6.5 దగ్గర నేను 6.7 అన్నాను. 9 దగ్గర 8.9. 10.5 దగ్గర 10.4. 11 దగ్గర 11.1. వేలు అక్కడే ఆగిపోయింది. తర్వాత పక్క గడిలోకి జరిగింది. 'లైట్లు గుడ్డిగ. కంప్రెసర్ బంద్. ఇంటర్‌కామ్ 3 సార్లు.' మొదటిసారి చదువుతున్నట్టు చదివాడు. మొదటిసారేనేమో.

ఆ మేనేజర్‌ను నేను కూడా తప్పుగానే అంచనా వేశాను. ఆయన నన్ను తిట్టలేదు, వాదించలేదు. వెంటనే ఇంటర్‌కామ్ ఎత్తి, "కోల్డ్‌రూంలోంచి ఒక్క ట్రే కూడా బయటికి కదల్చకండి. అన్నీ మళ్లీ టెస్టుకు పెట్టండి. అవును, అన్నీ" అన్నాడు. ఫెయిలైన నాలుగు ట్రేల గురించే నేను రెండు రోజులు ఆలోచించాను. ఆ వేడి గదిలోనే ఇంకా ఎన్నో ట్రేలు ఉన్నాయని నాకు తట్టనేలేదు.

అక్క చేయి ఎత్తింది, బడిలో పిల్లలా. "ఆ కోడ్ రివ్యూ చేసింది నేను సార్. రాసుకునేటట్టయితే రెండు పేర్లు రాసుకోండి."

ఆమె ఆ మాట మంచితనంతో అందా, రివ్యూ సంగతి తర్వాత బయటపడితే ఇంకా చెడ్డగా ఉంటుందని లెక్కవేసుకుని అందా అని చాలా రోజులు ఆలోచించాను. ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండూ అయి ఉండవచ్చు.

అప్పుడు ఆపరేటర్ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎవరూ కూర్చోమనలేదు, ఎవరూ వద్దనలేదు. ప్లేటులోంచి ఒక బిస్కట్టు తీసుకుని, నా వైపు తిరిగాడు.

"ఒక్క మాట అడుగుత. గిసొంటియి ఇంకెన్నున్నయి?"

"ఏవి అన్నా?"

"గవ్వే. దొరకకున్నా దొరికిందని రాసేటియి. నీ కంప్యూటర్లల్ల."

మేనేజర్ కూడా తల ఎత్తి నా వైపు చూశాడు.

"తెల్వదు అన్నా" అన్నాను.

"నీది నీకే తెల్వదు. మొన్న నా కాడికొచ్చి చర్చికి పోయినవా అని అడగవడ్తివి." బిస్కట్టు సగం కొరికాడు. కోపం లేదు, తీరిగ్గానే అన్నాడు. "లెక్కవెట్టి చెప్పు. నేను గేటుకాడ నాలుగింటికి దొరుకుత."

శుక్రవారం మెమో వెనక్కి తీసుకున్నారు. ఒక్క లైను కాగితం, అందులో 'పొరపాటు' అన్న మాట ఉంది, ఎవరిదో లేదు. పర్మనెంట్ లెటర్ రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది. క్లయింటు మాత్రం పోలేదు. మూడు నెలలు ప్రతి సోమవారం వాళ్ల మనిషి వచ్చి మా పక్కన కూర్చుని చార్టును పెట్టె మెమరీతో పోల్చి చూసేవాడు. నమ్మకపోవడం అంటే అలా ఉండాలి. నాది వేరే రకం. నేను మనుషులను అనుమానించాను, నా లైన్లను నమ్మాను.

మరోమాట. ఆ పెట్టె అంకె బదులు పనికిరాని అక్షరాలు పంపి ఉంటే, అది అన్‌చెక్డ్ రకం. కంపైలర్ ముందుగా అడగదు కాబట్టి నేను మూత పెట్టే అవసరమే వచ్చేది కాదు. ప్రోగ్రాం అక్కడే కుప్పకూలేది. తెర నల్లబడేది. ఆపరేటర్ గేటు దాకా పరుగెత్తి ఎవరినో పిలిచేవాడు. నా ప్రోగ్రామును పడగొట్టగల తప్పు ఆ గదిని కాపాడేది. జావా ఆపి మరీ అడిగిన తప్పుకు మాత్రం నేను మూత పెట్టాను. అందుకని చెక్డ్ ఎక్సెప్షన్లే వద్దని మీలో కొందరు వాదిస్తారని తెలుసు. వాదించండి. ముందు మీ ఖాళీ బ్రాకెట్లు తెరిచి చూసి రండి.

ఆ శుక్రవారం నాలుగింటికి ఓనర్ సమోసాల పొట్లంతో వచ్చాడు. నా తెర మీద తొమ్మిది ఎర్ర గీతలున్నాయి. మూతలు ఒక్కొక్కటే తీస్తున్నాను. ఆయన కాసేపు వెనక నిలబడి, "ఇప్పుడు ఏ రంగు మంచిది?" అని అడిగాడు. ఎగతాళో, నిజంగానే అడిగాడో తెలియలేదు. రెండు సమోసాలు పెట్టి వెళ్లాడు.

లెక్కకు మూడు పనిదినాలు పట్టింది. ఆ ఫ్యాక్టరీది ఒక్కటే కాదు, మా ఆఫీసు అప్పటిదాకా రాసిచ్చిన ప్రోగ్రాములన్నీ తెరిచాను. ప్రతి మూతకూ నంబరు, రాసినవారి పేరు, తేదీ, వారం. వారం గడిలో చాలాచోట్ల శుక్రవారమే.

మంగళవారం నాలుగింటికి ఫ్యాక్టరీ గేటు దగ్గర నిలబడ్డాను. షిఫ్టు వదిలారు. జనం కిటికీ దగ్గర తమ ఫోన్లు తీసుకుని ఉప్పల్ బస్సు కోసం పరుగెత్తుతున్నారు. ఆయన స్వెటర్ భుజాన వేసుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని నెమ్మదిగా వచ్చాడు. నన్ను చూసి నమస్తే పెట్టలేదు. నేను పెట్టాను.

"లెక్క అయిందా తమ్మీ?" అన్నాడు.

"అయింది అన్నా."

"ఎన్ని?"

నలభై ఏడు. అందులో నావి పంతొమ్మిది.